సింగపూర్‌లో తిన్న మామిడి–పంపర పనస గిన్నె ఇంట్లో చేస్తే జిగురైపోయింది. తప్పెక్కడ?

సీతమ్మధార లెక్కల టీచర్:

అందరికీ నమస్కారం. నేను రిటైరైన లెక్కల టీచర్ని. ప్రశ్న వంటదే గానీ కొంచెం కథ చెప్పకపోతే అర్థం కాదు, ఓపిక పట్టండి.

జూలైలో నేనూ మావారూ సింగపూర్‌లో అమ్మాయి దగ్గరికి వెళ్ళి మూడు వారాలు ఉండి వచ్చాం. చూడాల్సినవన్నీ చూపించింది పాపం. వాటి సంగతి రాయను, ఆ ఫోటోలు అందరి ఫోన్లలోనూ ఉంటాయి. నాకు గుర్తుండిపోయింది చైనాటౌన్‌లో ఒక మధ్యాహ్నం. అక్కడ చైనాటౌన్ కాంప్లెక్స్ అని పెద్ద పాత బిల్డింగు ఉంది. కింద కూరగాయలు, చేపల మార్కెట్టు. పైన వరసలు వరసలుగా తిండి కొట్లు, రెండు వందల పైనే. దాన్నే హాకర్ సెంటర్ అంటారు. ఏసీ లేదు, ఫ్యాన్లే. జనం మాత్రం కిటకిట. ఒక టేబుల్ ఖాళీగా కనబడితే నేను వెళ్ళి కూర్చోబోయాను. అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపింది. టేబుల్ మీద చిన్న టిష్యూ ప్యాకెట్ ఉంది. అది పెట్టారంటే ఆ సీటు ఎవరో ఆపుకున్నట్టట! మన ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి తువ్వాలు వేసినట్టే కదా అనుకున్నాను.

నేను శాకాహారిని. ఆ వాసనల మధ్య ఏం తినగలనులే అనుకుంటుంటే ఒక డెజర్ట్ కొట్టు దగ్గరికి తీసుకెళ్ళింది. కొట్టులో ఉన్నావిడది నా వయసే. అక్కడ కొట్టువాళ్ళని అందరూ ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు. ఆ పిలుపు వినగానే నా బెరుకు సగం పోయింది. గిన్నె మూడున్నర డాలర్లు. అందులో లేత పసుపు రంగు పాలు, అడుగున గాజుపూసల్లా సగ్గుబియ్యం, నాలుగు మామిడి ముక్కలు, పైన ఏవో లేత గులాబీ రంగు మెతుకులు. చెంచాడు నోట్లో వేసుకున్నాను. ముందు మామిడి తీపి, వెంటనే కొబ్బరి పాల కమ్మదనం. నమిలేసరికి ఆ గులాబీ మెతుకు పటుక్కున చిట్లి పుల్లగా తగిలింది, దాని వెనకే చిన్న చేదు. "ఇది పంపర పనస కదే!" అని గట్టిగా అనేశాను. పక్క టేబుల్ వాళ్ళు తిరిగి చూశారు.

భీమిలి దగ్గర మా అమ్మమ్మ గారి పెరట్లో పంపర పనస చెట్టు ఉండేది. తొనలు ఒలిచి ఉప్పూ కారం అద్దుకుని తినేవాళ్ళం. దాన్ని మామిడితో కలపొచ్చని అరవై ఏళ్ళ దాకా నాకు తోచనే లేదు. మావారు ఒక చెంచా తిని "ఉగాది పచ్చడిలా ఉందేమిటి" అన్నారు. అన్నారే గానీ గిన్నె అడుగు కనబడేదాకా వదల్లేదు. ఇంట్లో తిన్న కంచం కూడా తీయని మనిషి, తిన్నాక మా మూడు ట్రేలూ ఆయనే మోశారు. అక్కడ 2021 నుంచి ట్రేలు మనమే తీసుకెళ్ళి అరల్లో పెట్టాలట, పెట్టకపోతే ఫైను. ఫైను అనే మాట ఎంత పని చేస్తుందో చూడండి.

ఇక అసలు సమస్య. వినాయక చవితికి పాలవెల్లికి కట్టడానికి విశాఖ పూర్ణా మార్కెట్లో ఒక పంపర పనస తెచ్చాను. పండగ అయ్యాక దాంతో ఆ గిన్నె చేద్దామని కూర్చున్నాను. వంద గ్రాముల సగ్గుబియ్యం రాత్రంతా నానబెట్టాను. పొద్దున అర లీటరు పాలల్లో ఉడికించాను. మామిడి పళ్ళు ఇప్పుడెక్కడివి, అందుకని మామిడి డ్రింకు సీసా తెచ్చి పోశాను. అమ్మాయి ఫోన్లో "డబ్బా పాలు వేస్తారమ్మా" అందని కండెన్స్‌డ్ మిల్క్ సగం డబ్బా వేశాను. పంపర పనస తొనలు చేత్తో చిదిమి కలిపి ఫ్రిజ్‌లో పెట్టాను.

సాయంత్రానికి అది గోడలకి పోస్టర్లు అంటించుకునే పిండిలా తయారైంది. తీపి చూస్తే గొంతు పట్టేసేంత. పొద్దున కొంచెంగా ఉన్న చేదు సాయంత్రానికి కషాయం అయింది. మావారు "పర్లేదు, బానే ఉంది" అన్నారు. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆ మాటకి అర్థం నాకు తెలుసు. ఆయనకి బీపీ, కొలెస్ట్రాల్ బిళ్ళలు నడుస్తున్నాయి, తీపి కూడా తగ్గించమన్నారు. అందుకని మిగిలిందంతా పారబోశాను.

నేను తప్పు చేశానని తెలుస్తోంది. ఏ మెట్టు దగ్గర చేశానో చెప్పండి. ఒక్క మనవి, చేదు పూర్తిగా తీసేసే ఉపాయాలు వద్దు. ఆ చిన్న చేదు కోసమే ఈ తాపత్రయం.

గాజువాక ఫిట్టర్:

టీచరమ్మ గారూ, మీ పోస్ట్ చదువుతుంటే నాకు ఆ ట్రేల చప్పుడు వినిపించింది. నేను జురాంగ్, టువాస్ వైపు షిప్‌యార్డుల్లో తొమ్మిదేళ్ళు పైప్ ఫిట్టర్‌గా చేసి వచ్చాను. ఆదివారం వస్తే లిటిల్ ఇండియా వెళ్ళడం, టెక్కా సెంటర్లో మునక్కాయలు, గోంగూర దొరికితే గోంగూర కొనుక్కోవడం, ఇంటికి డబ్బులు పంపడం, ఆ తర్వాత ఏదో ఒక హాకర్ సెంటర్లో ఒక చల్లటి గిన్నె. మాకు అదే సినిమా, అదే షికారు.

మీరు వండింది సగ్గుబియ్యం పాయసం అండి. అక్కడ అలా వండరు. మా క్యాంపు దగ్గర కొట్టు అంకుల్‌ని ఒకరోజు జనం లేనప్పుడు అడిగాను. ఆయన మాటలతో చెప్పలేక గిన్నె మూత తీసి చూపించాడు. గిన్నె నిండా నీళ్ళే, సగ్గుబియ్యం కొంచెం. అదీ కిటుకు.

నానబెట్టడం మొదటి తప్పు. కప్పు సగ్గుబియ్యానికి పది కప్పుల నీళ్ళు పెట్టి, బాగా తెర్లుతున్నప్పుడే పొడి సగ్గుబియ్యం వేయాలి. చల్లనీళ్ళలో వేసి పొయ్యి వెలిగిస్తే పైపిండి కరిగి అక్కడే జిగురు మొదలవుతుంది. అడుగంటకుండా కలుపుతూ పది నిమిషాలు ఉడికిస్తే గింజ అంతా అద్దంలా అయి మధ్యలో ఆవగింజంత తెల్ల చుక్క మిగులుతుంది. అప్పుడు పొయ్యి కట్టేసి మూత పెట్టేయండి. ఇంకో పది నిమిషాలకి ఆ చుక్క కూడా పోతుంది. వెంటనే జల్లెడలో పోసి కుళాయి కింద పెట్టి, వేళ్ళకి జిడ్డు తగలనంత వరకూ కడగాలి. మన ఆడవాళ్ళు చూస్తే "గంజంతా పారబోస్తున్నాడు వెర్రివెధవ" అంటారు. కానీ పారబోయాల్సింది ఆ గంజే.

రకం కూడా చూడండి. కిరాణా కొట్లో నైలాన్ సగ్గుబియ్యం అని అడగండి. చిన్నగా, కొంచెం పారదర్శకంగా ఉంటుంది, గింజ విడిపోదు. సున్నంలా తెల్లగా ఉండే రకం వడలకీ కిచిడీకీ బావుంటుంది గానీ ఇక్కడ మోసం చేస్తుంది. ఇంకో మాట. ఉడికిన సగ్గుబియ్యాన్ని రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టకండి, చద్దన్నం మెతుకులా గట్టిపడి తెల్లబడుతుంది. తినే రోజే ఉడికించాలి.

అసలు సగ్గు అంటే ఆ దేశాల్లో చిత్తడి నేలల్లో పెరిగే తాటి జాతి చెట్టు మొదలులోంచి తీసే పిండి. మన దగ్గర అమ్మేది కర్రపెండలం పిండితో చేసింది. సామర్లకోట, పెద్దాపురం మిల్లుల నుంచి వస్తుంది, లేకపోతే తమిళనాడు సేలం నుంచి. అందుకని మాది అసలుది కాదేమో అని బెంగ పెట్టుకోకండి, ఇప్పుడు అక్కడ కూడా ఎక్కువగా కర్రపెండలం గుళికలే.

డబ్బా పాలు అన్నారు చూశారా, అక్కడ మీ అమ్మాయికీ మీకూ మధ్య మాట జారింది. వాళ్ళు వేసేది ఎవాపరేటెడ్ మిల్క్, అంటే నీళ్ళు ఇగిరించిన పాలు. అందులో చక్కెర ఉండదు. మీరు వేసింది చక్కెర పాకం లాంటి డబ్బా. డబ్బా ఏదీ అక్కర్లేదు, అర లీటరు గేదె పాలు సగానికి ఇగిరేదాకా మరిగించి పూర్తిగా చల్లార్చండి, సరిపోతుంది. వేడి పాలల్లో మామిడి గుజ్జు కలిపితే మాత్రం విరిగిపోతాయి. ఆ తప్పు నేను చేశాను, క్యాంపులో పదకొండు మంది నా మొహం చూశారు.

ఆ గిన్నె చైనా పేరుకి అర్థం విల్లో అనే చెట్టు కొమ్మ మీది అమృతం అనట. 1980ల్లో హాంకాంగ్ హోటళ్ళ వైపు నుంచి వచ్చింది అంటారు. వాళ్ళ క్వాన్ యిన్ అమ్మవారు విల్లో కొమ్మతో అమృతం చిలకరిస్తుందట, ఆ బొమ్మ కొట్టు గోడ మీదే ఉండేది.

నాకు మాత్రం దానికన్నా ఐస్ కచాంగ్ ఇష్టం. గీసిన ఐస్ గుట్టలా పోసి దాని మీద రంగు షర్బత్తులు పోస్తారు, కింద ఉడికించిన ఎర్ర గింజలు, జెల్లీ, మొక్కజొన్న ఉంటాయి. అందులోనే అతాప్ చీ అని తెల్లగా, మెత్తగా, నములుతుంటే అచ్చం పాకంలో వేసిన ముంజకాయలా ఉండేది ఒకటి వస్తుంది. మడ అడవుల్లో పెరిగే నీపా అనే తాటి జాతి చెట్టు కాయలో గింజ అది. అతాప్ అంటే మలయ్ భాషలో ఇంటి పైకప్పు. ఆ చెట్టు ఆకులే కప్పేవారు కాబట్టి ఆ పేరు. మొదటిసారి తిన్నప్పుడు మా ఊళ్ళో తాటాకు ఇల్లు గుర్తొచ్చి కాసేపు చెంచా ఆగిపోయింది.

పాత పోస్టాఫీసు బాబాయ్:

రెండొందల ముప్ఫై రూపాయలు పెట్టి సగ్గుబియ్యం తిని, మళ్ళీ దాన్ని ఇంట్లో చేయడానికి సీసా మామిడి డ్రింకు కొనడం ఏంటమ్మా? వన్‌టౌన్‌లో పుట్టి పెరిగినవాణ్ణి, నా మాట వినండి. ఏప్రిల్, మే నెలల్లో బీచ్ రోడ్డు మీద తాటి ముంజలు వస్తాయి, అప్పుడే మామిడి పళ్ళూ వస్తాయి. రెండూ కోసి కొబ్బరి పాలల్లో వేసుకోండి. పైన ఇంత తాటిబెల్లం తురుము. ఎవరికీ ఫైను కట్టక్కర్లేదు.

ఫిట్టర్ తమ్ముడు చెప్పిన క్వాన్ యిన్ పరాయి దేవత కాదు, మన అవలోకితేశ్వరుడే. బౌద్ధంతో పాటు చైనా వెళ్ళి అక్కడ ఆడరూపం ఎత్తాడు. బావికొండ, తొట్లకొండ లాంటి బౌద్ధ స్థలాలు మన ఊళ్ళో పెట్టుకుని ఈ సంగతి సింగపూర్ కొట్టు గోడ మీద తెలుసుకోవాల్సొచ్చింది, కానివ్వండి.

సీతమ్మధార లెక్కల టీచర్:

బాబాయ్ గారూ, ముంజల గిన్నె తప్పకుండా చేస్తాను, మే నెలలో. కానీ ముంజల్లో చేదు ఏదండీ? తీపి మీద తీపి, మెత్తన మీద మెత్తన. నాకు కావాల్సింది పళ్ళ కింద పటుక్కుమనేది.

ఫిట్టర్ బాబూ, నీళ్ళు ఒకటికి పది అన్న లెక్క రాసుకున్నాను. పదకొండు మంది మొహం చూడటం కూడా.

ఎంవీపీ హాస్టల్ కుర్రాడు:

ఆంటీ, పంపర పనస బదులు దబ్బకాయ వేయొచ్చా? రెండూ ఒకలాగే ఉంటాయి కదా. మా వార్డెన్ గారి ఇంట్లో చెట్టు నిండా ఉన్నాయి.

చోడవరం తోట:

వద్దు తమ్ముడూ. దబ్బకాయ పులిహోరకి, ఊరగాయకి. రసం నోట్లో పోసుకుంటే కళ్ళు మూసుకుపోతాయి. వార్డెన్ గారి చెట్టు జోలికి కూడా వెళ్ళకు.

టీచర్ గారూ, మాకు ఇంటి వెనక నాలుగు పంపర పనస చెట్లున్నాయి, రెండు ఎరుపు, రెండు తెలుపు. మీ అసలు చిక్కు వంటలో కాదు, పంచాంగంలో ఉంది. మన వైపు సువర్ణరేఖ ఏప్రిల్‌లో దిగుతుంది, తర్వాత బంగినపల్లి, రసాలు, జూన్ చివరికి సరి. పంపర పనస శ్రావణం, భాద్రపదాల నుంచి మొదలై చలికాలం దాకా వస్తుంది. ఈ రెండు పళ్ళూ మన నేల మీద ఒకదాని మొహం ఒకటి చూసుకోవు. సింగపూర్‌లో తోటలు లేవు కాబట్టి వాళ్ళకి ఈ గొడవ లేదు, థాయ్‌లాండ్ నుంచి ఒకటి, చైనా నుంచి ఒకటి, మన దేశం నుంచి ఒకటి ఓడ దిగుతాయి. మనకి చెట్టు ఉంది, అందుకే చెట్టు మాట వినాలి. పునాస మామిడి ఉంది కదా అంటారేమో, అది పప్పులోకి, పచ్చడిలోకి పనికొస్తుంది గానీ ఈ గిన్నెకి రాదు.

అందుకని మే నెలలో బంగినపల్లి గుజ్జు తీసి, చక్కెర కలపకుండా, చిన్న డబ్బాల్లో డీప్ ఫ్రీజర్లో దాచుకోండి. రసాల గుజ్జులో పీచు ఉంటుంది, వడకట్టకపోతే చెంచాకి చుట్టుకుంటుంది. ఈ ఏడాదికి ఎలాగూ దాటిపోయింది కాబట్టి డబ్బా మామిడి గుజ్జు కొనండి. చిత్తూరు వైపు ఫ్యాక్టరీల్లో తోతాపురితో, అంటే మనం కలెక్టర్ కాయ అంటామే దాంతో చేస్తారు. సీసా డ్రింకులో నీళ్ళూ చక్కెరా ఎక్కువ, గుజ్జు తక్కువ. లేబుల్ తిప్పి చదివితే కనబడుతుంది.

ఇక చేదు సంగతి. పంపర పనస చేదు రెండు రకాలు. తొక్క కింద దూదిలా ఉండే తెల్లటి భాగంలో, తొన మీది పొరలో నారింజిన్ అనే పదార్థం ఉంటుంది. అది నాలిక మీద పడగానే తెలుస్తుంది. రెండోది దొంగచేదు. తొన చిదిమితే పొర నలిగి, రసంలో ఊరి, గంటలు గడిచేకొద్దీ లిమోనిన్ అనే ఇంకో చేదు పుడుతుంది. నిమ్మ, బత్తాయి రసం తీసి ఉంచితే చేదెక్కేది దీనివల్లే. మీ గిన్నె పొద్దున బావుండి సాయంత్రం కషాయమైంది అందుకే. చేత్తో చిదిమాను అన్నారు చూడండి, అక్కడే అయిపోయింది.

ఇలా చేయండి. కాయ పైన బొట్టంత కోసి, నిలువునా ఆరు గీతలు పెట్టి తొక్క ఊడదీయండి. తెల్ల దూది ఒక్క పోగు కూడా మిగలకూడదు. తొనలు విడదీసి, వీపు వైపు పొరని బ్లేడుతో చీరినట్టు చీరి వెనక్కి మడిచేయండి. లోపల రసపు ముత్యాలు గుత్తిలా నిలబడి ఉంటాయి. వాటిని బొటనవేలితో నెమ్మదిగా దులిపితే విడివిడిగా రాలతాయి. చితికిన ముత్యం ఉంటే మీరు తినేయండి, గిన్నెలో వేయకండి. తినే పది నిమిషాల ముందు కలపాలి. మీకు కావాల్సిన చిన్న చేదు ఆ ముత్యాల్లోనే ఉంటుంది. ఎక్కువ అనిపిస్తే చక్కెర వేయొద్దు, రెండు గింజలు ఉప్పు. మీ అమ్మమ్మ గారు ఉప్పు అద్ది పెట్టింది ఊరికే కాదు, చేదుని ఉప్పు అణిచినట్టు తీపి అణచలేదు.

కాయ కొనేటప్పుడు సైజు చూడకండి. రెండు చేతుల్లో రెండు కాయలు పెట్టుకుని, ఒకే సైజులో ఏది బరువుంటే అది తీసుకోండి. తేలిగ్గా ఉందంటే లోపల అంతా దూదే. చెట్టు నుంచి కోసిన కాయ ఒలవకుండా ఇంట్లో వారం, పది రోజులు ఉంచినా ఏం కాదు, తొక్క కొంచెం వాడితే పులుపు తగ్గి ఇంకా బావుంటుంది.

మందుల కౌంటర్:

వంట గురించి నాకు తెలియదు. మేడమ్ గారు మధ్యలో ఒక మాట రాసి వదిలేశారు, దాని కోసమే వచ్చాను. ఇరవై రెండేళ్ళుగా ఫార్మసిస్టుని.

సార్ వాడే కొలెస్ట్రాల్ బిళ్ళ పేరు ఒకసారి చూడండి. అటోర్వాస్టాటిన్ గానీ సిమ్వాస్టాటిన్ గానీ అయితే పంపర పనస తినే ముందు డాక్టర్ గారిని అడగాలి. గ్రేప్‌ఫ్రూట్ అనే పండు ఉంది, అది పంపర పనసకి, తీపి నారింజకి పుట్టిన సంకరం. దాంతో కొన్ని మందులకి పడదని డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఆ గుణం తల్లిది, అంటే పంపర పనసలో కూడా ఉంది. మన పేగు గోడలో కొన్ని మందుల్ని కొంత విరిచేసే ఒక ఎంజైమ్ ఉంటుంది. బిళ్ళ డోసు నిర్ణయించేటప్పుడు ఆ తరుగు కూడా లెక్కలో ఉంటుంది. ఈ పండులో ఉండే ఫ్యూరనోకౌమారిన్లు ఆ ఎంజైమ్‌ని పని చేయనివ్వవు. దాంతో ఒక బిళ్ళ వేసుకున్నా రక్తంలోకి అంతకన్నా ఎక్కువ వేసుకున్నంత మందు చేరవచ్చు. కండరాల నొప్పులు, ఇంకా తీవ్రమైతే కిడ్నీ మీద భారం దాకా వెళ్ళొచ్చు.

పొద్దున పండు, రాత్రి బిళ్ళ అని సర్దుకుందామంటే కుదరదు. పేగులో కొత్త ఎంజైమ్ తయారవడానికి ఒక రోజు పైనే పడుతుంది. బీపీ బిళ్ళల్లో ఫెలోడిపిన్, నిఫెడిపిన్ లాంటివాటికి కూడా ఇదే వర్తిస్తుంది. కిడ్నీ మార్పిడి అయి టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ వాడేవాళ్ళయితే అసలు ముట్టుకోకూడదు. రోసువాస్టాటిన్ ఈ దారిలో పెద్దగా విరగదు కాబట్టి దానికి ఈ ఇబ్బంది లేదు.

ఈ సంగతి బయటపడింది కూడా విచిత్రంగానే. కెనడాలో ఫెలోడిపిన్ మీద, ఆల్కహాల్ మీద కలిపి ఒక పరీక్ష చేస్తూ, ఆల్కహాల్ రుచి తెలియకుండా గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపి ఇచ్చారు. చూస్తే రక్తంలో మందు ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ. అది 1989లో పత్రికకెక్కింది. రుచి కోసం కలిపిన రసమే అసలు సంగతి అని అప్పుడు తెలిసింది.

భయపడి బిళ్ళ మాత్రం మానేయకండి. మానాల్సి వస్తే పండు మానాలి. సింగపూర్‌లో తిన్న ఒక్క గిన్నె గురించి ఇప్పుడు టెన్షన్ పడక్కర్లేదు.

సీతమ్మధార లెక్కల టీచర్:

మందుల కౌంటర్ గారూ, మీ మెసేజ్ చదవగానే లేచి వెళ్ళి ఆయన బిళ్ళల డబ్బా తెరిచాను. అటోర్వాస్టాటినే. డాక్టర్ గారికి ఫోన్ చేస్తే మీరు చెప్పిందే చెప్పారు, పంపర పనస వద్దన్నారు. పదకొండేళ్ళుగా ఆ బిళ్ళ కొంటున్నాం, ఒక్కసారి కూడా ఏ పండు తినకూడదని నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. చాలా థ్యాంక్స్ అండి.

ఆదివారం మళ్ళీ చేశాను. లెక్కలు ఇవి. నైలాన్ సగ్గుబియ్యం ఎనభై గ్రాములు, నానబెట్టలేదు. తెర్లే నీళ్ళలో పదకొండు నిమిషాలు పట్టింది, మా గ్యాస్ పొయ్యి చిన్న మంట మరి. మూత పెట్టి ఇంకో పది నిమిషాలు. జల్లెడలో కడుగుతుంటే గంజి ఎంత పోయిందంటే మా పనమ్మాయి "అమ్మా, చీరలకి పెట్టుకుందామా" అంది. పెట్టింది కూడా. పాలు అర లీటరు పావు లీటరుకి ఇగిర్చాను. ఒక ముదురు కొబ్బరికాయ కోరి తొలి పాలు తీశాను, నూట యాభై మిల్లీ లీటర్లు వచ్చాయి. మామిడి గుజ్జు డబ్బాలోంచి రెండు వందల గ్రాములు. డబ్బా గుజ్జులో తీపి ముందే ఉంది, నేను చక్కెర వేయలేదు. అన్నీ చల్లగా అయ్యాకే కలిపాను, విరగలేదు.

పంపర పనస ఒలవడానికి నలభై నిమిషాలు పట్టింది. చోడవరం వారు చెప్పినట్టు పొర వెనక్కి మడిస్తే ముత్యాలు నిజంగానే గుత్తిలా నిలబడ్డాయి. ఒక్కొక్కటి కన్నీటిబొట్టు ఆకారంలో, ఒక కొన పల్చగా, ఇంకో కొన బొద్దుగా. చిన్నప్పుడు వందల తొనలు తిన్నాను గానీ ఒక్క ముత్యాన్ని ఇలా వెలుతురుకి పట్టి చూడలేదు. చితికినవి నేను తినేశాను. చాలానే చితికాయి, ఒప్పుకుంటాను.

రుచి? ఆ ఆంటీ గిన్నె అంత చల్లగా లేదు, మామిడి ముక్కలు లేవు కాబట్టి నమలడానికి ఒకటి తక్కువైంది. తోతాపురి వాసన కూడా కొంచెం వేరు. కానీ మూడో చెంచాకి పటుక్కుమంది, వెనకాలే అది వచ్చింది. కళ్ళు మూసుకున్నాను.

మావారి కప్పులో పంపర పనస బదులు బత్తాయి తొనలు ఒలిచి వేశాను. ఆయన నా కప్పులోకి చూసి, తన కప్పులోకి చూసుకుని, "నాది ఉట్టి పాయసం" అన్నారు. ఈసారి "పర్లేదు, బానే ఉంది" అనలేదు. బాబాయ్ గారూ, మే నెలలో ముంజల గిన్నె ఆయన కోసం చేయాల్సిందే, అది మీ ఇద్దరిదీ.

ఎంవీపీ హాస్టల్ కుర్రాడు:

ఆంటీ, పూర్ణా మార్కెట్లో ఎంతకిచ్చాడు? ఎంవీపీ రైతు బజార్లో ఇవాళ రెండే ఉన్నాయి, రెండూ తేలిగ్గా ఉన్నాయి. చోడవరం అన్న చెప్పినట్టు చేతుల్లో పెట్టి చూశాను.

చోడవరం తోట:

శనివారం పొద్దున విశాఖ వస్తున్నాను తమ్ముడూ, ఎరుపువి ఒక సంచిలో పడేస్తాను. హాస్టల్ గేటు దగ్గర ఉండు. వార్డెన్ గారికి కూడా ఒకటి ఇవ్వు, దబ్బకాయల ఆలోచన ఆయనకి తెలియకముందే.